ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం

పెట్రోలు బంకులో నీలిమ నవ్వింది. ఆ రోజు ఆమె చేసిన నేరం అదొక్కటే.

నవ్వించింది చలపతి గారు. టార్నీట్ నుంచి మూడు కార్లలో బయల్దేరిన తెలుగువాళ్ళు మెల్‌బోర్న్‌ని పడమటి కొస నుంచి తూర్పు కొసకి అడ్డంగా దాటి, కొండలు మొదలయ్యే చోట పెట్రోలు కోసం ఆగారు. చలపతి గారిది తెనాలి పక్క పల్లె. ఈ దేశం వచ్చి ఇరవై మూడేళ్ళయింది గానీ నోరు మాత్రం ఆయనతో పాటు విమానం ఎక్కలేదు, అక్కడే ఉండిపోయింది. యూనివర్సిటీలో చదివే కూతురు లిఖిత వేడి చాక్లెట్ కారు సీటు మీద ఒలకబోసింది. "నిన్ను నిలువునా నరికి ఆ చెట్టు కింద పాతరేస్తానే! మీ అమ్మ అడిగితే కంగారూ ఎత్తుకుపోయిందని చెబుతా" అని అరిచారాయన. "ఓకే డాడ్, ముందు టిష్యూ ఇవ్వు" అంది లిఖిత తలైనా ఎత్తకుండా. రోజుకి పాతిక హత్యలు చేస్తుంది ఆ నోరు. ఇంట్లో సాలెపురుగు కనిపిస్తే మాత్రం గాజు గ్లాసులో పట్టి పెరట్లో వదిలి వస్తారు మహానుభావుడు.

నీలిమ పకపకా నవ్వేసింది. పక్క పంపు దగ్గర కారులో పెట్రోలు పోసుకుంటున్న తెల్లాయనెవరో ఆమె నవ్వు చూసి తనూ నవ్వాడు. ఆ రెండు నవ్వుల్నీ సాకేత్ చూశాడు.

సాకేత్ ఆమె భర్త. ఒక ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం. అతని నోట పరుషమైన మాట విన్నవాళ్ళు టార్నీట్ మొత్తం గాలించినా దొరకరు. భార్యకి కారు తలుపు తీసి పట్టుకుంటాడు. ఎనిమిదేళ్ళ కూతురు లాస్యకి సీటు బెల్టు తనే పెడతాడు. అప్పుడూ అలాగే పెట్టి, అద్దం సర్దుకుని, ఇండికేటర్ వేసి, కారు రోడ్డెక్కాక, నిద్రపోతున్న పిల్లని లేపకూడదన్నంత మెల్లగా అన్నాడు.

"బాగా నవ్వావ్ నీలూ. పర్లేదులే. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

నీలిమ జాకెట్ జిప్పు మెడ దాకా లాక్కుంది.

ఇంత మంచి మాట ఇంకోటి ఉంటుందా? నలుగురిలో గొడవెందుకు, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అనే మొగుడు దొరకాలని మన ఆడవాళ్ళు నోములు నోస్తారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నీలిమకి పెళ్ళయి నాలుగు నెలలు. నిజంగానే మాట్లాడతాడనుకుంది పిచ్చిది. ఇంటికెళ్ళగానే ఇద్దరికీ టీ పెట్టి, కప్పులు బల్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. సాకేత్ తలుపు గడియ పెట్టి, కర్టెన్లు లాగి, చేతి గడియారం తీసి జాగ్రత్తగా పక్కన పెట్టాడు. ఆ రాత్రి ఆమెకి రెండు పక్కటెముకలు చిట్లాయి. మెట్ల మీద పడ్డానని ఆసుపత్రిలో చెప్పింది. రెండోసారి ఆ మాట అన్నప్పుడు టీ పెట్టలేదు.

తొమ్మిదేళ్ళుగా అంతే. అరవడు, తిట్టడు, చుట్టుపక్కలవాళ్ళకి చప్పుడు వినబడదు. చొక్కా చేతులు కప్పే చోటే కొడతాడు. కొట్టేటప్పుడు కూడా గొంతు పెరగదు, "చూశావా, నువ్వే కదా చేయించుకుంటున్నావు" అని పిల్లకి ఎక్కం చెప్పినట్టు చెబుతాడు. వాడి నెమ్మదితనాన్ని తగలెయ్య.

కానీ ఈ రాత్రి నీలిమ ఆ ఇంటికి వెళ్ళడం లేదు. ఈ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు నీలిమ, ఇంకొకరు డాక్టర్ కళావతి.

కళావతి గారు ముప్పై అయిదేళ్ళ కిందట ఈ దేశం వచ్చి, ఆపరేషన్లకి మత్తుమందిచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరై, ఈ కొండల్లోనే ఒంటరిగా ఉంటున్న ఆవిడ. మొన్న ఉగాది భోజనాల దగ్గర నీలిమ ఎడం చేత్తో పులిహోర వడ్డిస్తుంటే పక్కకి పిలిచారు. "చెయ్యి విరిగిందా, విరిచారా?" అని సూటిగా అడిగారు. తొమ్మిదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. నీలిమ జవాబు చెప్పలేదు, ఏడవనూ లేదు, పులిహోర గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. కళావతి గారికి ఆ జవాబు చాలు.

నీలిమ ఫోను సాకేత్ రోజూ చూస్తాడు. కారు తాళాలు అతని దగ్గరే. ఆమెని ఆఫీసుకి తనే దింపుతాడు, తనే తీసుకొస్తాడు. అందుకని రెండు నెలలు ఆఫీసు ఫోను మీద, లంచ్ టైములో, ఇద్దరూ ఈ రాత్రిని అల్లారు. కళావతి గారి ఊళ్ళో ఏటా జూన్‌లో, ఇక్కడి నడి చలికాలంలో, లాంతర్ల పండగ. ఊరేగింపు మొదలయ్యాక వీధి దీపాలు ఆర్పేస్తారు. ఊరి లైబ్రరీ వెనక నుంచి అడవిలోకి ఒక కాలిబాట దిగుతుంది. రెండు వందల గజాలు దిగితే కింద రోడ్డు. అక్కడ కళావతి గారి కారు. ఆ కారు ఎక్కితే తల్లీకూతుళ్ళు బతికినట్టు.

కొండ మీదకి చేరేసరికి అయిదు దాటింది, చీకటి పడింది. చలి ఎముకల్లోకి దిగుతోంది. రోడ్డుకి రెండు పక్కలా ఆకాశాన్నంటే యూకలిప్టస్ చెట్లు, వాటి మొదళ్ళ దగ్గర మనిషెత్తు ఫెర్న్ చెట్లు, ఆకుల నుంచి కారే మంచు. ఊళ్ళో మాత్రం జనం కిటకిటలాడుతున్నారు. బొంగు పుల్లలు వంచి, మీద పల్చటి కాగితం అంటించి చేసిన లాంతర్లు వేలకొద్దీ. గుడ్లగూబలు, చేపలు, చందమామలు. అడవి కాబట్టి లోపల కొవ్వొత్తి పెట్టనివ్వరు, బ్యాటరీ దీపాలే. లాస్య బళ్ళో చేసుకున్న, బాతు మూతి జంతువు ప్లాటిపస్ లాంతరుని కర్రకి తగిలించుకుని గంతులేస్తోంది.

టార్నీట్ తెలుగువాళ్ళు మూడు వారాంతాలు చలపతి గారి గరాజులో కూర్చుని ఒక పెద్ద నెమలిని చేశారు. దాన్ని నాలుగు కర్రల మీద నలుగురు మొయ్యాలి. ఆ నలుగురిలో సాకేత్ ఒకడు. భుజం పట్టమని అందరి ముందూ అడిగితే కాదనడు, మంచివాడు కదా. అందుకే, సాకేత్ అయితే ఎత్తు సరిపోతుందని చలపతి గారి చెవిన వేసింది నీలిమే.

"నలుగురం మోస్తున్నాం, వెనకాల ఏడ్చేవాళ్ళెవరయ్యా?" అన్నారు చలపతి గారు ముందు కర్ర భుజానికెత్తుకుంటూ. ఆయన భార్య సుగుణ "ఛీ, పండగ పూట అవేం మాటలు!" అని చెయ్యి విదిలించింది.

సాకేత్ కర్ర భుజాన పెట్టుకుని వెనక్కి తిరిగి నీలిమని చూశాడు. "నా వెనకే నడు నీలూ. లాస్య చెయ్యి వదలకు."

"వదలను" అంది నీలిమ. ఆ ఒక్క మాటా నిజమే చెప్పింది.

డప్పులు మోగాయి. ఊరంతా ఒక్కసారి దీపాలు ఆరిపోయాయి. జనం హో అని అరిచారు. చీకట్లో లాంతర్లు మాత్రమే మిగిలాయి, మోసేవాళ్ళ మొహాలు కనిపించడం లేదు. నీలిమ గుండె డప్పుల కంటే గట్టిగా కొట్టుకుంటోంది. బేకరీ దాటింది. పోస్టాఫీసు దాటింది. లైబ్రరీ దగ్గర రోడ్డు కుడికి తిరిగింది. నెమలిని తిప్పడానికి నలుగురూ అవస్థ పడుతున్నారు. "నీ అమ్మ కడుపు మాడ, ఎడంపక్క ఎత్తరా!" అని చలపతి గారు కేకలేస్తున్నారు. నీలిమ లాస్య చెయ్యి పట్టుకుని ఎడం వైపు అడుగు వేసింది. ఇంకో అడుగు. లైబ్రరీ గోడ. వెనక చెట్లు.

"మమ్, వేర్ ఆర్ వుయ్ గోయింగ్?"

"కళావతి ఆంటీ దగ్గరికి. మాట్లాడకుండా నడువమ్మా."

లాస్య ఇంకేమీ అడగలేదు. ఆ సంగతి నీలిమకి అప్పుడు వింతగా తోచలేదు.

బాట నున్నగా, బురదగా ఉంది. లాంతరు వెలుగులో నాలుగడుగుల మేర కనిపిస్తోంది. కింద చెట్ల సందుల్లోంచి ఎవరో టార్చి రెండుసార్లు వెలిగించి ఆర్పారు. కళావతి గారే. నూరు గజాలు. ఎనభై. నీలిమకి తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఊపిరి నిండుగా అందింది.

పైన ఏం జరిగిందో ఆమెకి తర్వాత తెలిసింది. సాకేత్ వెనక్కి తిరిగి చూసుకున్నాడు, భార్యా బిడ్డా లేరు. "అంకుల్, నీలూ కనిపించట్లేదు" అన్నాడు కంగారు నటిస్తూ. చలపతి గారిది జాలిగుండె. "పాప లాంతరు లైబ్రరీ వెనక్కి వెళ్ళడం చూశా బాబూ, టాయిలెట్ అవసరమైనట్టుంది. చీకట్లో ఆడపిల్లలిద్దరే, నువ్వెళ్ళు, కర్ర నేను పట్టుకుంటా" అని సాకేత్ భుజం మీది బరువు కూడా తనే ఎత్తుకున్నారు. మన మంచితనం ఇలాగే ఏడుస్తుంది. ఆడపిల్ల ఒంటరిగా ఎటో వెళుతోందంటే మొగుడికి దారి చూపించడమే సాయం అనుకుంటాం.

"నీలూ, ఆగు."

గొంతు వెనకే ఉంది. నీలిమ పరిగెత్తబోయింది. సాకేత్ రెండు అంగల్లో వచ్చి ఆమె జాకెట్ వెనకున్న టోపీ పట్టుకున్నాడు. మెడకి ఉరి బిగుసుకుంది. లాస్య చేతిలోంచి లాంతరు నెమ్మదిగా తీసుకుని, ప్లాటిపస్‌ని కర్ర నుంచి విడదీసి, ఒక ఫెర్న్ కొమ్మకి తగిలించాడు, కాగితం చిరక్కుండా. అప్పుడు కర్రతో నీలిమ మోకాళ్ళ వెనక కొట్టాడు.

ఆమె బురదలో కూలబడింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. లోపల ఏదో టప్పున విరిగింది. మూడో దెబ్బకి ఆ బొంగు కర్ర రెండుగా చీలింది. సాకేత్ దాన్ని పారేసి, జుట్టు చేతికి చుట్టుకుని, ఆమె తలని పక్కనున్న చెట్టుకేసి కొట్టాడు. ఒకసారి. రెండుసార్లు. పైన జనం డప్పులకి చప్పట్లు కొడుతున్నారు.

"ఇంట్లో మాట్లాడుకునేదాన్ని వీధిలోకి తెచ్చావ్. చూడు, నువ్వే తెచ్చావ్" అంటున్నాడు. గొంతు ఏమాత్రం పెరగలేదు. బూటు కాలితో నడుము మీద తన్నాడు. నీలిమ నోట్లోకి మట్టీ, కుళ్ళిన ఆకులూ వచ్చాయి. చచ్చిపోతున్నాననుకుంది. నిజంగానే ఆ మాట అనుకుంది, ఇక్కడే, ఈ చెట్టు మొదట్లో, కారుకి ఎనభై గజాల దూరంలో.

లాస్య కేక వేస్తూ పైకి పరిగెత్తింది. కింద నుంచి కళావతి గారు పైకి వచ్చారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, చేతిలో ఇనప టార్చి. "వదలరా దాన్ని, వెధవా!" అని వచ్చిన వేగంతోనే సాకేత్ మోకాలి మీద కొట్టారు. అతను ఒక కాలి మీద తూలి, ఆవిడ గుండెల మీద చెయ్యి పెట్టి తోశాడు. కళావతి గారు వెల్లకిలా రాళ్ళ మీద పడ్డారు. మణికట్టు విరిగిన చప్పుడు నీలిమకి వినిపించింది.

ఆ చప్పుడు తన ఒంట్లో చాలాసార్లు విన్నదే. ఇంకొకరి ఒంట్లో వినడం మొదటిసారి. తన ఎముకలకి రాని కోపం ఆవిడ ఎముకకి వచ్చింది. సాకేత్ మళ్ళీ నీలిమ మీదకి వంగి, నోరు మూయడానికి చెయ్యి తెచ్చాడు. నీలిమ ఆ బొటనవేలు పళ్ళ మధ్య పట్టుకుని కొరికింది. వదల్లేదు. అతను చెంప మీద కొట్టాడు, వదల్లేదు. చెవి మీద కొట్టాడు, వదల్లేదు. నోరంతా ఉప్పగా నిండింది. పళ్ళ కింద గట్టిగా ఎముక తగిలింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి సాకేత్ గొంతు పెరిగింది, అడవి మొత్తానికీ వినబడేంత.

ఆ అరుపుకే జనం వచ్చారు. పసుపు జాకెట్లు వేసుకున్న పండగ వాలంటీర్లిద్దరు, వాళ్ళ వెనక నెమలిని వదిలేసి, లాస్యని చంకనేసుకుని రొప్పుతూ చలపతి గారు. టార్చి వెలుగులు పడ్డాయి.

వెలుగు పడగానే సాకేత్ మనిషి మారిపోయాడు. మారడానికి క్షణం పట్టలేదు. "ఆల్ గుడ్ మేట్, ఆల్ గుడ్. మా ఆవిడ జారిపడింది. కంగారులో ఉంది, తనకి మనసు బాగుండట్లేదు కొన్నాళ్ళుగా" అన్నాడు ఇంగ్లీషులో, రక్తం కారే చేతిని రుమాలుతో చుట్టుకుంటూ. నీలిమ మీదకి వంగి ఆమె జాకెట్ మీది ఆకులు దులిపాడు కూడా.

పండగ బందోబస్తులో ఉన్న పోలీసులిద్దరు అయిదు నిమిషాల్లో వచ్చారు. ఒకామె, ఒకతను. పోలీసామె చూసిన దృశ్యం ఇది. మర్యాదగా మాట్లాడే ఒక మగాడు, బొటనవేలు తెగి వేలాడుతోంది, కుంటుతున్నాడు. ఒక ముసలావిడ, పక్కనే ఆమె టార్చి, "అవును, నేనే కొట్టాను, మళ్ళీ కొడతాను" అంటోంది. చెట్టుకి ఆనుకుని కూర్చున్న ఒక ఆడమనిషి, జుట్టు నిండా బురద, నోటి నిండా రక్తం.

"మీ నోటి మీద రక్తం ఎవరిది?" అని అడిగింది పోలీసామె.

"అతనిది" అంది నీలిమ.

పోలీసామె నోట్‌బుక్‌లో రాసుకుంది. నీలిమకి ఆ క్షణంలో అర్థమైంది, తను ఏ గోతిలో పడిందో. కనబడే రక్తం అతనిది. తన విరిగిన భుజం జాకెట్ లోపల ఉంది. తల మీది బొప్పి జుట్టు లోపల ఉంది. పక్కటెముకలు ఎనిమిదేళ్ళ కిందటే అతుక్కున్నాయి. చొక్కా చేతులు కప్పే చోటే కొట్టేవాడి తెలివి ఇందుకే.

కళావతి గారు కర్ర చూపించారు, చెట్టు చూపించారు, చెప్పాల్సిందంతా చెప్పారు. సాకేత్ తల వంచుకుని ఓపిగ్గా విన్నాడు. "ఆంటీకి మా మీద ప్రేమ ఎక్కువ. ఆవిడే నీలూకి లేనిపోనివి నూరిపోస్తున్నారు. వాళ్ళిద్దరి మీదా నాకు ఏ కంప్లైంటూ లేదు ఆఫీసర్. కర్ర జారిపడినప్పుడు విరిగింది. నా ఫ్యామిలీని ఇంటికి తీసుకెళ్తే చాలు" అన్నాడు. తర్వాత నీలిమ వైపు తిరిగి, తెలుగులో, కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకుని అన్నాడు.

"పద నీలూ. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఏమంటున్నాడు?" అని పోలీసామె చలపతి గారిని అడిగింది. తెలుగు తెలిసిన పెద్దమనిషి అక్కడ ఆయనే.

చలపతి గారు గొంతు సవరించుకున్నారు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషు చేశారు. "రా, ఇంటికి వెళ్ళి మాట్లాడుకుందాం అంటున్నాడు మేడమ్. చాలా మర్యాదగా అడుగుతున్నాడు. మాలో ఇంటి గొడవ ఇంట్లోనే తేల్చుకుంటాం. పదేళ్ళుగా ఎరుగుదును, ఈ అబ్బాయి ఒకర్ని మాట అనగా వినలేదు."

ఆయన చెప్పిన ప్రతి ముక్కా నిజమే. అదే ఆయన చేసిన ఘోరం.

నీలిమ కుడి చెయ్యి పనిచెయ్యడం లేదు. ఎడం చేత్తో చెట్టు పట్టుకుని లేచి నిలబడింది. "మాటలకి అర్థం అదే" అంది ఇంగ్లీషులో. "కానీ ఆయన అన్నది అది కాదు. ఆ మాట అంటే నన్ను కొడతానని. అన్న ప్రతిసారీ కొట్టాడు. ఒకసారి పక్కటెముకలు, ఒకసారి ఈ చెయ్యి. ఇవాళ మధ్యాహ్నం కారులో మళ్ళీ అన్నాడు. అందుకే పారిపోయాను."

సాకేత్ బాధగా నవ్వాడు. "ఆఫీసర్, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అనడం ఇప్పుడు నేరమా?"

"అమ్మాయ్, అది బెదిరింపు ఎలా అవుతుందమ్మా?" అన్నారు చలపతి గారు దీనంగా. "ఆ లెక్కన నన్ను రోజుకి పాతికసార్లు ఉరి తియ్యాలి కదా. చంపుతా నరుకుతా అన్నవాడు కాదు, పాపం."

పోలీసామె పెన్ను ఆగింది. ఆమె ముఖంలో సందేహం నీలిమకి స్పష్టంగా కనిపించింది. ఒకే వాక్యానికి ఇద్దరు రెండు అర్థాలు చెబుతున్నారు, ఒకరి నోటి నిండా రక్తం ఉంది. పోలీసతను అప్పటికే సాకేత్‌కి ఫస్ట్ ఎయిడ్ కట్టు కడుతున్నాడు, "బతికావు మేట్, వేలు ఊడలేదు" అంటున్నాడు. ఇంకో అరగంటలో వీళ్ళు తమని ఆ కారెక్కించి ఇంటికి పంపిస్తారు. లేకపోతే తననే తీసుకెళ్ళి, లాస్యని తండ్రితో పంపిస్తారు. రెండో ఆలోచన రాగానే నీలిమ లాస్య వైపు ఒక అడుగు వేసింది.

పోలీసామె నోట్‌బుక్ మూసింది. అందరినీ అక్కడే ఉండమని, లాస్యని చలపతి గారి చంక నుంచి దింపించి, నాలుగడుగులు పక్కకి తీసుకెళ్ళి, ఆ పిల్ల ఎత్తుకి వంగి కూర్చుంది.

"దాని జోలికెందుకు, చిన్నపిల్ల" అన్నాడు సాకేత్. గొంతులో ఏదో కొద్దిగా తేడా వచ్చింది.

"మీరు అక్కడే ఉండండి" అంది పోలీసామె తిరక్కుండానే. తర్వాత లాస్యని అడిగింది. "మీ నాన్న ఇందాక అన్న మాట నీకు అర్థమైందా?"

లాస్య తలాడించింది. ఆ పిల్లకి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషులోనే.

"ఇంట్లో కూడా అంటారా?"

"అంటారు."

"అన్నాక ఏమవుతుంది?"

లాస్య తల్లి వైపు చూసింది. నీలిమ ఏ సైగా చెయ్యలేదు. చెయ్యాలనిపించినా చెయ్యలేకపోయింది.

"అమ్మ నాకు హెడ్‌ఫోన్స్ పెడుతుంది" అంది లాస్య. "పెద్దవి, పింక్‌వి. పాటలు పెట్టి, దుప్పటి కప్పి, తలుపు వేసేస్తుంది. తర్వాత వచ్చి తీసేస్తుంది."

"నీకు పాటలు తప్ప ఇంకేం వినబడదు కదా అయితే?"

లాస్య పోలీసామె చెవి దగ్గరికి వంగి రహస్యం చెప్పింది. పిల్లల రహస్యం కదా, అందరికీ వినబడింది.

"అవి క్రిస్మస్ నుంచి పనిచెయ్యట్లేదు. అమ్మకి చెప్పకండి. అవి పెట్టుకుంటేనే అమ్మకి ధైర్యంగా ఉంటుంది."

పైన డప్పులు ఆగిపోయాయి, ఊరేగింపు అయిపోయినట్టుంది. చలపతి గారు నోరు తెరిచారు. ఇరవై మూడేళ్ళుగా మాటకొక హత్య చేసిన నోటికి, ఒక మనిషిని నిజంగా చంపాలనిపించిన ఆ నిమిషంలో ఒక్క తిట్టూ దొరకలేదు. ఆయన తడి నేల మీద అలాగే కూలబడి, రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు.

పోలీసామె లేచి వెళ్ళి, కట్టు కడుతున్న సహోద్యోగితో రెండు మాటలు చెప్పింది. అతను సాకేత్ మోచెయ్యి పట్టుకున్నాడు. ఈసారి పట్టు వేరుగా ఉంది. సాకేత్ "నీలూ, చెప్పు వీళ్ళకి" అన్నాడు, మెల్లగా, మర్యాదగా. బేడీలు పడ్డాక ఆ మర్యాద పోయింది. అతను ఏమేం అన్నాడో ఇక్కడ రాయక్కర్లేదు. ఈసారి పోలీసామె ఎవరినీ అర్థం అడగలేదు.

నీలిమ కూతురి ముందు బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంతసేపూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. క్రిస్మస్ నుంచి అంటే ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో ఎన్ని రాత్రులు దుప్పటి తీసి, ఆ హెడ్‌ఫోన్స్ తీసి, "ఏ పాట విన్నావమ్మా?" అని అడిగింది తను! ప్రతిసారీ పిల్ల నవ్వుతూ ఏదో ఒక పాట పేరు చెప్పింది. తను పిల్లని కాపాడుతున్నాననుకుంది. ఇన్నాళ్ళూ పిల్లే తనని కాపాడింది.

"సారీ మమ్" అంది లాస్య. "అబద్ధం చెప్పాను."

నీలిమ పనిచేసే ఆ ఒక్క చేత్తో పిల్లని దగ్గరికి లాక్కుంది. బురదా, రక్తం అంతా పిల్ల స్వెటర్‌కి అంటుకుంది. కళావతి గారు విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో నీలిమ వీపు నిమురుతూ పక్కనే కూర్చున్నారు.

అంబులెన్స్ వచ్చాక పోలీసామె మళ్ళీ దగ్గరికి వచ్చింది. స్టేట్‌మెంట్ ఆసుపత్రిలో ఇవ్వచ్చు, రేపయినా ఇవ్వచ్చు, తొందరేం లేదు అంది.

"ఇప్పుడే ఇస్తాను" అంది నీలిమ. లాస్య వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు కూడా కూర్చో నాన్నా. ఇంక చెవులు మూసుకోవద్దు."

పోలీసామె నోట్‌బుక్ తెరిచింది. నీలిమ పెళ్ళయిన నాలుగో నెల నుంచి చెప్పడం మొదలుపెట్టింది.